మోకాటి నీటికి మూడో పరీక్ష

మోకాలు నెలల తరబడి వాచి ఉంటే మన డాక్టర్లకు ముందు తట్టేది టీబీ. ఆ అనుమానం తప్పు కాదు, ఈ దేశంలో ఆ మాత్రం అనుమానం ఉండాల్సిందే. చిక్కల్లా, తీసిన నీటిలో టీబీ క్రిమి కనబడకపోయినా లక్షణాలు కుదిరాయని మందులు మొదలుపెట్టి నెలలు గడిపేయడంతోనే. కీలులో చేరిన ఫంగస్ కూడా ఇంచుమించు టీబీలాగే ముదురుతుంది. జ్వరం పెద్దగా ఉండదు, వాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, తొలి రోజుల ఎక్స్‌రేలో ఏమీ తేలకపోవచ్చు. బయాప్సీలో గ్రాన్యులోమా అనే కణాల ముద్ద కనిపించినంత మాత్రాన అది టీబీయేనని చెప్పలేం, కొన్ని ఫంగస్‌లూ దాన్ని కలిగిస్తాయి. అందుకే నీరు తీసిన రోజే బాక్టీరియా, టీబీ పరీక్షలతో పాటు ఫంగస్ కల్చర్‌కూ పంపాలంటాను.

ఇంత అరుదైన జబ్బుకు అందరికీ పరీక్షలెందుకని అడగొచ్చు. అందరికీ అక్కర్లేదు. షుగరు అదుపులో లేనివారు, స్టెరాయిడ్లు వాడేవారు, ఐసీయూలో చాలాకాలం సెలైన్ లైనుతో ఉన్నవారు, మోకీలు మార్పిడి చేయించుకున్నవారు, కీలులోకి ఇంజెక్షన్లు వేయించుకున్నవారు, వీళ్లకు చేస్తే చాలు. 2012లో అమెరికాలో కలుషితమైన స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల 750 మందికి పైగా ఫంగస్ బారిన పడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమందికి అది మెదడు పొరలకూ వెన్నుకూ సోకింది, కొందరికి కీళ్లకు. కారణం తెలియని వాపు మీద ఇంకో స్టెరాయిడ్ సూది వేయడమూ సాహసమే. ఇక పరీక్ష సంగతి: ఫారం మీద ‘ఫంగస్’ అని రాయకపోతే మామూలు కల్చర్‌ను ల్యాబు కొద్ది రోజులకే పారేస్తుంది. కాండిడా అనే ఫంగస్ ఆలోపే పెరగవచ్చు, బూజు జాతివాటికి నాలుగు వారాలివ్వాలి. కాండిడా పెరిగినా ‘బయటినుంచి పడిందిలే’ అని కొట్టేసేవాళ్లున్నారు. అలా అనేముందు మళ్లీ నీరు తీసి చూడటం న్యాయం.

పేరు తేలకుండా ఏదో ఒక ఫంగస్ మాత్ర ఇచ్చి చూడొచ్చు కదా అనే వాదన నిలవదు. కాండిడా అయితే కీలును కడిగి, ఫ్లూకొనజోల్ లాంటి మందు దాదాపు ఆరు వారాలు వాడాలి. అందులోనే కాండిడా ఆరిస్ అనే రకం చాలాసార్లు ఫ్లూకొనజోల్‌కు లొంగదు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజుకు మందు వేరు, వ్యవధి కనీసం ఎనిమిది వారాలు. కృత్రిమ కీలు మీదైతే ఫంగస్ జిగురుపొర కట్టుకుంటుంది, మందు దాన్ని సులువుగా దాటలేదు. సాధారణంగా ఆ కీలును తీసి, జబ్బు తగ్గాకే కొత్తది పెట్టాలి. మళ్లీ ఆపరేషనా అని ఇంటివాళ్లు బెంబేలెత్తడం సహజమే. ఆపరేషన్‌కు తట్టుకోలేని మనిషికి మందుతో జబ్బును అణచి ఉంచుతారు, వేరుతో సహా పెకలించలేరు.

మోకాట్లో నీరు తీయించుకునేవారు, మీకు ఈ ముప్పుల్లో ఏదైనా ఉంటే, ఫంగస్ కల్చర్‌కు పంపారా అని అక్కడే అడగండి. నాలుగు వారాల తర్వాత తుది రిపోర్టు కూడా తెచ్చుకుని డాక్టరుకు చూపించండి.