తాత దొరికిండు, అవ్వ పేరేది?

మాదిగోన్ని ముత్తాత పేరు చెప్పమంటే తాత దగ్గరే నోరు ఆగుతది. బాపనోళ్లకు గోత్రం ఉంది, పటేండ్లకు పట్టా ఉంది. మనకేముంది? ఈ ప్రశ్న మనసుల పెట్టుకొనే వై.బి. సత్యనారాయణ రాసిన ‘మా నాయన బాలయ్య’ చదివిన. 2011లో మొదట ఇంగ్లీషులో వచ్చిన పుస్తకం ఇది. కరీంనగర్ జిల్లా వంగపల్లి మాదిగ నర్సప్ప నిజాంకు మెత్తటి చెప్పులు కుట్టిచ్చి 50 ఎకరాలు ఇనాం పొందిండు. దొర దాంట్లో 2 ఎకరాలే మిగిల్చిండు. నర్సప్ప కొడుకు నర్సయ్య. భార్య కలరాతో పోయినంక చిన్న కొడుకును తీసుకొని ఊరిడిచి రైల్వే పనికి పోయిండు. ఆ కొడుకే బాలయ్య.

50కీ 2కీ నడుమ తెలంగాణ దొరతనమంతా ఉంది. రచయిత అక్కడ గొంతు పెంచడు. లెక్క చెప్పి ముందుకు పోతడు. మన ఆత్మకథల్లో ఈ నిబ్బరం అరుదు.

ఆ పేజీ చదివినంకనే మా బొంరాస్‌పేట దిక్కు మా తాత భూమి జాడ వెతుకుడు మొదలుపెట్టిన. మా కొడంగల్ తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాల ఉండె. గుల్బర్గా మైసూరుకు పోంగ కొడంగల్, తాండూరు తాలూకాలు ఇటు మిగిలినయి. మాది మహబూబ్‌నగర్ జిల్లా అయింది, 2016ల వికారాబాద్ జిల్లా అయింది. ఊరు ఉన్న కాడనే ఉంది, జిల్లానే మారుకుంట వచ్చింది. ఒక ఆఫీసుల గుమస్తా “మీది గీడ కాదు సారూ” అన్నడు. మూడో ఆఫీసుల 1954-55 ఖాస్రా పహాణీ నకలు దొరికింది. రిటైరైన ఉర్దూ సారు చదివి పెట్టిండు. దున్నేటోని కాలంలో మా తాత పేరుంది, పట్టాదారు కాలంలో వేరేవాళ్ల పేరుంది.

సంతోషమే. కానీ ఊర్లె మోట బావులకు తొండాలు కుట్టింది మా తాత. ఆయన తోలు లేకుంటే పటేండ్ల మడికి నీళ్లు ఎక్కకపోవు. దానికి ఏ పహాణీల గడి లేదు.

ఇగ అవ్వ? మా మేనత్తను అడిగిన. “పరిగామె అనేటోళ్లు కొడుకా, పేరు పెట్టి ఎవలు పిలిచిన్రు?” అన్నది.

ఇక్కడే నాకు ‘మా నాయన బాలయ్య’తో పేచీ. నర్సయ్య భార్య బతికిన దినాల కంటే ఆమె చావే మనకు గుర్తుంటది. కథ కుటుంబంతో కలిసి రైలెక్కి చదువు దిక్కు పోతది. వంగపల్లిల మిగిలినోళ్లు స్టేషన్ల ఆగిపోతరు. జీతం ఉన్నకాడికే చరిత్రా? సుజాత గిడ్ల ఇంగ్లీషులో 2017ల అచ్చేసిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ ఈ విషయంల మేలు. న్యూయార్క్ సబ్‌వేల కండక్టరు పని చేసిన ఆమె మేనమామ సత్యమూర్తినీ, మన శివసాగర్‌నే, తల్లి మంజులనూ అడిగి రాసింది. మామ విప్లవం పక్కన తల్లి కాన్పులు, బదిలీలు, అవమానాలు చిన్నవై పోలేదు.

కాగితం లేకుంటే వంశం లేదనుకునుడు కూడా చదువుకున్నోళ్ల జబ్బే. మాదిగ ఇండ్ల ముందు పటం విప్పి జాంబపురాణం చెప్పేటోళ్లు డక్కలోళ్లు. వాళ్ల దగ్గర మన పుట్టుక ఉంది. అంటరానితనం మీద ఉపన్యాసాలిచ్చే మాదిగల్లోనే డక్కలోన్ని వాకిట్లకు రానియ్యనోళ్లు ఉన్నరు. మన విమర్శకులు దీని మీద కలం కదపరు.

పరిగి దిక్కు అవ్వ పుట్టినింటోళ్లల్ల ముసలమ్మలు ఇంకా ఇద్దరున్నరట. మేనత్తనే చెప్పింది. ఎండాకాలం సెలవులియ్యంగనే ఆమెను ఎంటబెట్టుకొని పోతున్న.