పక్షపాతం ఎక్కడ పుడుతుంది? ఫాక్స్ న్యూస్ ఎన్నికల ప్రసారాలపై ఒక పరిశీలన

మాధ్యమాల పక్షపాతాన్ని యాజమాన్యంలోనే వెతకడం తెలుగు మాధ్యమ విమర్శలో పరిపాటి. 2020 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ ఫాక్స్ న్యూస్ నడిచిన తీరుకు ఆ కొలత చాలదు. నవంబరు 3 రాత్రి అరిజోనాలో బైడెన్ గెలుపును మిగిలిన ప్రధాన ఛానళ్ల కంటే ముందుగా ప్రకటించినది ఫాక్సే. ఆ అంచనా నిజమైంది. అయినా ట్రంప్ అభిమానులైన ప్రేక్షకులు దానిని ద్రోహంగా భావించారు. పలువురు న్యూస్‌మాక్స్ వైపు మళ్లారు. డొమినియన్ యంత్రాలు ఓట్లను తారుమారు చేశాయన్న ఆరోపణకు ఫాక్స్ తెరపై చోటు దక్కినది ఆ తరువాతే. జార్జియాలో కాగితపు ఓట్లను చేతితో తిరిగి లెక్కించినా బైడెనే గెలిచారు; ఆరోపణ మాత్రం ఆగలేదు.

డొమినియన్ వేసిన పరువునష్టం దావాలో బయటపడిన అంతర్గత సందేశాలు విమర్శకునికి అసలైన ఆధారం. ఫాక్స్ ప్రముఖ వ్యాఖ్యాతలు కొందరు ఆ ఆరోపణను నమ్మనేలేదు. ప్రేక్షకులు చేజారుతారన్న భయమే ఆ సందేశాలలో పదేపదే వినిపిస్తుంది. అంటే ఇక్కడి పక్షపాతంలో యజమాని సిద్ధాంతం కంటే ప్రేక్షకుని అలక పాలే ఎక్కువ. ప్రముఖుల ఆరోపణను నివేదించడమే తమ పని అన్న ఫాక్స్ వాదనను 2023 మార్చిలో డెలావేర్ న్యాయమూర్తి తోసిపుచ్చారు. ఏప్రిల్‌లో 78.75 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. తెరపై క్షమాపణ చెప్పాలన్న షరతు అందులో లేదు.