ఏ మెట్టునైనా స అనుకుంటే

మా ఊరి రామాలయంలో శనివారం భజన. పాడేవాళ్లెవరూ శ్రుతి చెప్పరు. ఒకాయన గొంతు సవరించుకుని తనకు వీలైన చోట ఎత్తుకుంటాడు, తరవాతి పాట ఇంకొకావిడ ఇంకెక్కడో ఎత్తుకుంటుంది. హార్మోనియం మాస్టారు ఎడమచేత్తో గాలి కొడుతూ వింటుంటారు, పల్లవి మొదటిసారి పాడేటప్పుడు మెట్లు ముట్టరు. పల్లవి ఎక్కడ వచ్చి వాలుతుందా అని కాచుకుంటారు. చాలా పాటలకు ఆ వాలే చోటే షడ్జమం. అక్కడ ఒక్క మెట్టు నొక్కి చూస్తారు. పల్లవి రెండోసారి వచ్చేసరికి పాటంతా ఆయన వేళ్ల కింద ఉంటుంది.

చెవి గొప్పదనమే అనుకుని, విని వాయించడం నేర్పమని ఆయన వెంటపడ్డాను. ఆయన ఒక్క పాటా చెప్పలేదు. ఒకటో శ్రుతిలో శంకరాభరణం సరిగమలు ఎక్కి దిగమన్నారు. (తెల్ల మెట్లకు ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, మధ్య నల్లవాటికి అరలు; ఏ మెట్టు స అయితే అదే శ్రుతి.) రెండు నెలలు అదే. ఆ తరవాత ఐదో శ్రుతిలో, తరవాత రెండో శ్రుతిలో. ఈ వరస ఎందుకో అప్పుడు తెలియలేదు. తెలిశాక ఆ స్వరాల కూర్పు మీద నాకు పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనేదీ, హిందుస్తానీవారి బిలావల్ ఠాటూ, మన 29వ మేళకర్త ధీరశంకరాభరణమూ స్వరస్థానాల్లో ఒకటే. రాగంగా శంకరాభరణానికి గమకాలు, సంచారాలు వేరే ఉన్నాయి. అవి హార్మోనియం మీద పూర్తిగా పలకవు. నేను చెప్పేది ఆ ఏడు మెట్ల అమరిక గురించే.

స నుంచి పై స దాకా 12 మెట్లు. వాటిలో స రి గ మ నడక రెండు, రెండు, ఒకటి. మధ్యలో మ నుంచి ప కి రెండు. మళ్లీ ప ద ని స నడక రెండు, రెండు, ఒకటి. పైసగం (ఉత్తరాంగం) కిందిసగానికి (పూర్వాంగానికి) అచ్చు. నమ్మకం కుదరకపోతే ప ద ని స అని నెమ్మదిగా పాడి, అదే గొంతులో, అదే ఎత్తులో స రి గ మ అనండి. పేర్లే మారతాయి. అంటే ఒకటో శ్రుతి ఉత్తరాంగాన్ని తెచ్చి పూర్వాంగం అనుకుంటే చాలు, ఐదో శ్రుతి శంకరాభరణం సగం తయారైపోయింది. మిగతా సగానికి కొత్తగా కావలసింది ఒకే ఒక్క నల్ల మెట్టు, నాలుగున్నర. ఐదు నుంచి దాని పంచమం రెండో శ్రుతికి వెళితే ఇంకొక్కటి, ఒకటిన్నర. ఇలా ఒక్కో అడుగుకి ఒక్కో స్వరం మార్చుకుంటూ 12 అడుగులు వేస్తే మొదలుపెట్టిన చోటికే వస్తాం. మాస్టారు పెట్టిన వరసకు కారణం ఇదే.

మన వాద్యగాళ్లు శ్రుతులకు పెట్టుకున్న లెక్కలో కూడా ఈ అమరిక దాగి ఉంది. ఒకటిన్నర ఉంది, ఐదున్నర ఉంది. మూడున్నర శ్రుతి అని ఎవరూ అనరు, ఏడున్నర అసలే లేదు. మూడుకీ నాలుగుకీ మధ్య, ఏడుకీ పై ఒకటికీ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి. ఒకటో శ్రుతిలో ఆ రెండు ఇరుకులే గ–మ, ని–స.

చేతి సంగతీ చెప్పాలి. ఒకటో శ్రుతి కంటికి తేలిక, అన్నీ తెల్ల మెట్లే. చేతికి మాత్రం అదే చిక్కు, ఎక్కడ ఉన్నామో వేలికి తడిమితే తెలియదు. పియానో పాఠాలు చెప్పేటప్పుడు స్వరకర్త షోపాన్ ముందు బి మేజర్ ఇచ్చేవాడు. మన లెక్కలో అది ఏడో శ్రుతి. అందులో ఐదు నల్ల మెట్లూ పడతాయి. ఏడు మీద బొటనవేలు, ఒకటిన్నర, రెండున్నరల మీద చూపుడువేలు, మధ్యవేలు, కిందుగా దూరి మూడు మీద మళ్లీ బొటనవేలు, ఆపైన వరసగా ఉన్న మూడు నల్లమెట్ల మీద మూడు పొడుగు వేళ్లు, చివర ఏడు మీద చిటికెనవేలు. పొడుగు వేళ్లకు ఎత్తు మెట్లు, పొట్టి వేళ్లకు పల్లం మెట్లు. చెయ్యి ఎలా ఉందో అలా అమరిపోతుంది.

ఇక చెవి. జనగణమన అందరికీ వచ్చు. అది స దగ్గర బయలుదేరి రి మీదుగా గ కి ఎక్కి, అక్కడ చాలాసేపు నిలబడుతుంది. ఒకటో శ్రుతిలో ఆ గ మూడు మీద ఉంటుంది, రెండున్నరలో ఐదు మీద. చెవికి రెండూ గాంధారమే. మెట్టును గుర్తుపట్టే పని వేళ్లకు అప్పగించేస్తే, చెవి స్వరాన్ని గుర్తుపట్టడంలో తీరిగ్గా పడుతుంది. విని వాయించడం అనే విద్యకు మూలం ఇదేనని నా నమ్మకం.

అన్ని పాటలూ ఈ ఏడు స్వరాల్లోనే ఉండవు కదా అంటే, ఉండవు. అయినా కొలబద్దగా ఇది నిలుస్తుంది. మ, ని తీసేస్తే మోహనం. మాయాబజార్ (1957)లోని లాహిరి లాహిరి ఆ ఐదింటి ఆధారంతోనే అంత వెన్నెల కురిపించింది. మ ఒక మెట్టు పెరిగితే కల్యాణి. ని ఒక మెట్టు దిగితే హరికాంభోజి, గ కూడా దిగితే ఖరహరప్రియ. వింటున్న పాటలో ఒక చోట వేలు తడబడితే, ఏ స్వరం ఎటు జరిగిందో అక్కడే దొరుకుతుంది.

పురందరదాసు నాటి నుంచి మనకు తొలి పాఠం 15వ మేళకర్త మాయామాళవగౌళ. దానికీ రెండు సగాలు ఒకే అచ్చు. గొంతు సాధనకు దాన్ని మించింది లేదు. హార్మోనియం, కీబోర్డు మీద భజనలూ సినిమా పాటలూ పట్టుకోవాలనుకునే పిల్లలకు మాత్రం నేను శంకరాభరణమే ముందు చెబుతాను. బ్యాండు బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చిన నోటుస్వరాలు ఈ రాగంలోనివే. పిల్లల చేతికి అవి ఇట్టే వస్తాయి.

మొన్న శనివారం ఒక ముసలమ్మ కీర్తన ఎత్తుకుంది. ఆమె స ఐదుకీ ఐదున్నరకీ మధ్య ఎక్కడో ఉంది, అక్కడ మెట్టే లేదు. నేనైతే వెతుక్కుంటూ ఉండేవాణ్ణి. మాస్టారు వెతకలేదు. ఐదున్నర స, దాని ప, రెండూ కలిపి మెత్తగా నొక్కి పట్టుకున్నారు. ఇంకేమీ వాయించలేదు. మొదటి చరణం దాటేసరికి ఆమె గొంతు నెమ్మదిగా పైకి వచ్చి ఆ నాదంలో కూర్చుంది. అప్పుడు ఆయన వేళ్లు కదిలాయి.