ఊపిరితో హామండ్ ఆర్గాన్

‘షోలే’ (1975)లో భాను గుప్తా మౌత్ ఆర్గాన్ విన్నవాళ్లకు ఆ వాయిద్యం అంటే సన్నని, ఒంటరి స్వరమే గుర్తొస్తుంది. అరచేతిలో ఇమిడే పది రంధ్రాల మౌత్ ఆర్గాన్ నుంచి హామండ్ ఆర్గాన్ నిండుదనాన్ని రాబట్టేవాళ్లున్నారు. మైకు, కాలి దగ్గర కొన్ని ఎఫెక్ట్స్ పెడల్స్, అంతే సరంజామా. వినగానే ఘనతంతా పెడల్స్‌దే అనిపిస్తుంది. కానీ వాయించేవాళ్ల నోటినీ చేతులనూ గమనిస్తే, ఆ ధ్వని సగానికి పైగా వాళ్లు వదులుకున్నవాటి వల్లే పుడుతోందని తెలుస్తుంది.

1935లో లారెన్స్ హామండ్ అమ్మకానికి తెచ్చిన ఆర్గాన్‌లో గాలి పనే లేదు. అంచుల్లో ఎగుడుదిగుడులున్న లోహపు చక్రాలు అయస్కాంతాల ముందు తిరుగుతూ దాదాపు శుద్ధమైన, బోసి స్వరాలను ఇస్తాయి. వాటిని తొమ్మిది డ్రాబార్లతో కలుపుకోవాలి. అసలు స్వరం, దాని కింది స్థాయి, పై స్థాయిలు, మధ్యలో పంచమాలు. ఏ బార్ ఎంత లాగితే అది అంత వినిపిస్తుంది. మౌత్ ఆర్గాన్ దీనికి పూర్తిగా తలకిందులు. ఇత్తడి రీడు కదిలిన క్షణంలోనే అసలు స్వరంతో పాటు పై స్వరాల గుంపంతా వచ్చేస్తుంది. మన పద్యనాటకాల హార్మోనియంలో ఉన్నదీ ఈ జాతి రీడే. ఆ పదునైన గరుకుదనం దాని నుంచి వచ్చిందే. హామండ్ లేనిదాన్ని పేర్చుకుంటూ పోతే, ఇక్కడ ఉన్నదాన్ని ముందు చెక్కుకోవాలి.

చెక్కడానికీ పేర్చడానికీ రెంటికీ పనికొచ్చేది ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ 2005లో తెచ్చిన పీఓజీ పెడల్. లోపలికి వెళ్లిన స్వరాలకు కింది స్థాయినీ పై స్థాయినీ అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తుంది. ఒకేసారి మూడు నాలుగు స్వరాలు వచ్చినా తికమకపడదు. ఒక్కో స్థాయికీ వేరే మీట ఉంటుంది కనుక డ్రాబార్లు లాగిన పద్ధతిలోనే వాడుకోవచ్చు. పైనున్న గరుకును కోసే ఫిల్టరూ ఉంది. ఇదే కంపెనీ 2014లో గిటార్‌ను ఆర్గాన్‌గా మార్చడానికే బీ9 అనే పెడల్ తెచ్చింది. దాన్లో ధ్వని ఇంకా సులువుగా దొరుకుతుంది. అయినా నా ఓటు పీఓజీకే. పాళ్లు వాయించేవాళ్ల చేతిలోనే ఉంటాయి.

పెడల్స్ వరుస తప్పితే అంతా పాడవుతుంది. 1952లో ‘జూక్’ రికార్డులో లిటిల్ వాల్టర్ వినిపించిన బరువైన, చిరిగిన ధ్వని మౌత్ ఆర్గాన్ చరిత్రలో ఓ శిఖరం. మైకును గుప్పిట్లో బిగించి, ఆంప్లిఫయర్ తట్టుకోలేనంత గట్టిగా వాయించి సాధించాడు దాన్ని. కానీ ఆ చీలికలు స్థాయి మార్చే పెడల్‌లోకి వెళ్తే బయటికొచ్చేది బురదే. కాబట్టి ముందు శుభ్రమైన మైకు, తర్వాత పీఓజీ, దాని తర్వాతే కాస్త ఓవర్‌డ్రైవ్, ఆపైన రోటరీ, చివర రివర్బ్.

రోటరీ పెడల్ అనుకరించేది హామండ్ ఆర్గాన్ కోసం డాన్ లెస్లీ రూపొందించిన స్పీకర్‌ను. ఆ చెక్కపెట్టెలో పైస్వరాలకు ఓ కొమ్ము, కిందిస్వరాలకు ఓ డ్రమ్ము గిరగిరా తిరుగుతుంటాయి. హైదరాబాద్ శివారు నార్సింగిలో సర్వీస్ రోడ్డు మీద నిలబడితే హారన్ కొడుతూ దూసుకెళ్లిన లారీ మనల్ని దాటగానే స్వరం జారుతుంది కదా, కొమ్ము తిరిగినప్పుడల్లా అదే జరుగుతుంది, సెకనుకు ఆరేడుసార్లు. స్విచ్ వేస్తే వేగం తగ్గుతుంది, వెంటనే కాదు. తేలికైన కొమ్ము త్వరగా మారుతుంది, బరువైన డ్రమ్ము బద్ధకిస్తుంది. ఆ కొన్ని క్షణాల ఎడబాటులోనే లెస్లీ అందమంతా ఉంది. రోటరీ పెడల్ కొనేవాళ్లు ముందు వినాల్సింది ఈ మార్పునే.

ఇక ఊపిరి. స్వరాన్ని వంచడం, చేతులతో ‘వావా’ అనిపించడం, గొంతుతో కంపన ఇవ్వడం మౌత్ ఆర్గాన్ ప్రాణాలు. ఆర్గాన్ మెట్టు ఇవేవీ చేయలేదు. అందుకే వాయించేవాళ్లు మూడింటినీ పక్కనపెట్టి గాలిని ఒకే ఒత్తిడితో నడపాలి. కంపనను రోటరీకి, హెచ్చుతగ్గులను కాలికింది ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కు అప్పగించాలి. నాలుకతో మధ్య రంధ్రాలను మూసి అటూ ఇటూ స్థాయి స్వరాలను కలిపి పలికిస్తారు. హామండ్ మెట్టు నొక్కగానే వినిపించే చిన్న ‘టక్’ కోసం నాలుకతో ‘త’ అని మొదలుపెడతారు. ఏళ్ల అలవాటును ఇలా అణచుకోవడం నాకు పెడల్స్ కన్నా ఆశ్చర్యంగా తోస్తుంది. మామూలు పద్ధతిలోనే వాయిస్తూ పెడల్స్ తొక్కితే వచ్చేది ఆర్గాన్ కాదు, జలుబు చేసిన మౌత్ ఆర్గాన్.

కార్డుల లెక్క ఇంకో కట్టడి. సి శ్రుతి వాయిద్యంలో ఊదితే సి మేజర్, కింది నాలుగు రంధ్రాల్లో పీలిస్తే జీ మేజర్ నిండుగా పలుకుతాయి. ఎఫ్ మేజర్ పూర్తిగా దొరకదు, దాని మూడు స్వరాల్లో ఎఫ్, ఏ పీల్పులో ఉంటే సి ఊదుడులో ఉంటుంది. అందుకే జీ శ్రుతిలో వాయించడం నయం. బ్లూస్‌కు కావాల్సిన మొదటి, నాలుగో కార్డులు రెండూ అక్కడ చేతికందుతాయి.

బీ-3 మోడల్ ఆర్గాన్ బెంచీ, కాలిమెట్లతో కలిపి దాదాపు 190 కిలోలు తూగుతుంది. నార్సింగి టవర్లలో పదిహేనో అంతస్తుకు దాన్ని ఎవరు ఎక్కిస్తారు? ఈ పెడల్స్ అన్నీ ఓ బల్ల మీద పట్టేస్తాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్క ఫ్లాట్‌కు చేరేది రీడ్ల సన్నని మోత మాత్రమే. మిగిలే చిక్కు ఒక్కటే: ఊదుడు నుంచి పీల్పుకు మారే చోట వచ్చే ఖాళీ. ఆర్గాన్‌కు ఊపిరి అక్కర్లేదు కనుక అక్కడే గుట్టు బయటపడుతుంది. రివర్బ్ తోక కొంత కప్పుతుంది. చేయి తిరిగినవాళ్లు సరిగ్గా ఆ చోటే లెస్లీ వేగం మారుస్తారు.