స్మృతిలో మాతృమూర్తి

సంస్మరణ రచనలలో ఇంటి పెద్దావిడకు లభించునంత గౌరవము మరెవ్వరికిని లభింపదు. అయినను ఆ గౌరవమే ఆమెను మరుగుపరచుట తరచుగా జరుగుచున్నది. ఇంటిల్లిపాదికి వడ్డించి చివర తాను తినిన తల్లి, మనుమలకు కథలు చెప్పిన అమ్మమ్మ, ఎవరినీ పల్లెత్తు మాట అనని నాయనమ్మ మన స్మృతిరచనలలో పదేపదే కనిపింతురు. చదివిన పిమ్మట ఆమె చేతి పులుసు రుచి తెలియును గాని, ఆమె ఏమి కోరినదో, దేనిని నిరాకరించినదో తెలియదు. ఈ లోపమును గుర్తించుటకు రెండు భారతీయ నవలలు మిక్కిలి తోడ్పడును.

మొదటిది ఆశాపూర్ణాదేవి వంగభాషలో రచించిన ‘ప్రథమ్ ప్రతిశ్రుతి’ (1964). బడి ముఖమెరుగని ఈ రచయిత్రికి 1976లో జ్ఞానపీఠ పురస్కారము తెచ్చిన గ్రంథమిది. ‘సువర్ణలత’ (1967), ‘బకుల్ కథా’ (1974) దీని తరువాతి భాగములు. సత్యవతి కథ బకుల్ వ్రాసికొన్న పుస్తకము నుండి గ్రహింపబడినదని రచయిత్రి ఆదిలోనే తెలుపును. బకుల్ సువర్ణలత కూతురు. సువర్ణలత సత్యవతి కూతురు. అనగా ఈ మహాకథ యంతయు మనుమరాలు అమ్మమ్మకు తీర్చుకొన్న ఋణము.

అయితే ఆమె స్మరించినది లాలించిన అమ్మమ్మను కాదు. తనకు తెలియకుండ తొమ్మిదేండ్ల కూతురికి పెండ్లి జరిపించిరని సంసారమును వదలి కాశికి వెడలిపోయిన స్త్రీని. ఆ నిష్క్రమణ వలన సువర్ణలతకు తల్లి దూరమైనది. లోకము దృష్టిలో అది తల్లి చేయదగిన పని కాదు. బకుల్ పుస్తకము ఆ గాయమును దాచలేదు. ఆ గాయము నుండియే వంశచరిత్రను ఆరంభించినది. సత్యవతి వాదములో ప్రతిసారియు న్యాయము ఆమె పక్షముననే నిలుచుట వలన, ఆ పాత్ర కొన్నియెడల మనిషి కంటె ఆదర్శమునకు దగ్గరగును. ఇది నవలలోని కొరత. కాని ఆమె పోయిన పిమ్మట ఇంట మిగిలిన శూన్యమును చెప్పుటలో రచయిత్రికి తొట్రుపాటు లేదు.

రెండవది కృష్ణా సోబ్తీ హిందీలో రచించిన చిన్న నవల ‘ఏ లడ్కీ’ (1991). మంచమున పడిన వృద్ధమాత, పెండ్లి చేసికొనని కూతురు, ఒక నర్సు. కథ యంతయు సంభాషణయే. తల్లి తన కాపురమును, కాన్పులను, దేహసుఖమును, తిండిని గూర్చి మాటలాడును. కూతురి ఒంటరితనమును ఎత్తిపొడుచును. మరల ఆమె స్వేచ్ఛను చూచి లోలోన అసూయపడును. నిండుగా సంసారము చేసితినను గర్వమును, అందులో తనకంటు మిగిలినదేమి అను ప్రశ్నయు ఒకే నోట వెలువడును. సత్యవతిలో లేని వైరుధ్యము ఇచ్చట సమృద్ధిగా నున్నది. మృత్యువు ముంగిట నిలిచియు ఈమె శాంతమూర్తి కాదు. జీవితమును వదలుట ఆమెకు ఇష్టము లేదు.

ఈ నవలను తెలుగు చేయదలచువారికి శీర్షికయే మొదటి పరీక్ష. ‘అమ్మాయీ’ అన్నచో గారాబము హెచ్చును; ఆ పిలుపులోనే అమ్మ యున్నది. ‘ఓ బాలికా’ అన్నచో ప్రాణము పోవును. వయసు మళ్లిన కూతురిని తల్లి నేటికిని ‘లడ్కీ’ యనుటలో ప్రేమ, అధికారము, ఇంకను గృహిణివి కాలేదను దెప్పిపొడుపు మూడును కలవు. మన ఇండ్లలో ముసలితల్లి ‘ఏమే పిల్లా’ అనునప్పుడు ఆ మూడును వినబడును. నిఘంటువు చెప్పలేని ఈ సమాధానము ఇంటి పెద్దావిడ నోట నున్నది. ఆమె మాటను సభ్యత పేరిట సవరించిన స్మృతిరచన ఆమెను రెండవమారు మౌనమున ముంచును.

ఇంటిలోనే పురుడు పోసికొని, పసితనముననే అత్తవారింట అడుగిడిన తరము కనుమరుగగుచున్నది. వారిని గూర్చి వ్రాయగల చివరివారు నేటి రచయితలే. వారి త్యాగమును కీర్తించుట సులభము. వారి కోపమును, ఆశను, పక్షపాతమును, వారు పలికిన ‘ఒల్లను’ అను మాటను యథాతథముగా నిలుపుట కష్టము. బకుల్ పుస్తకము చేసినది ఆ కష్టమైన పనియే. అమ్మమ్మను ప్రేమించినవారు ఆమెకు పూజాపీఠమునకు మారుగా సంపూర్ణమైన వ్యక్తిత్వము నొసగవలెను.