గుహలో మాగిన జున్ను

గడచిన వేసవిలో షామ్‌బర్గ్‌లోని మా అమ్మాయి యింట ఒకనాటి ఉదయమున, రొట్టెముక్కల నడుమనున్న నారింజవన్నె చీజు పలకను వ్రేలితో చూపి మా మనుమరాలు, "తాతయ్యా, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగినది. నిఘంటువు చెప్పు మాటనే నేనును చెప్పితిని: జున్ను. కాని ఆ మాట నోట వెలువడినంతనే అది సరిగా అతుకలేదని తోచినది. మనకు జున్నన్నచో, ఈనిన ఆవో గేదెయో తొలినాళ్ళలో ఇచ్చు ముర్రుపాలలో బెల్లమును, మిరియాలపొడిని, ఏలకులను కలిపి ఆవిరిపై ఉడికించి, చల్లారినంతనే ఇరుగుపొరుగులకు పంచిపెట్టు మెత్తని పదార్థము, మరునాటికి నిలువనిది. చీజన్ననో నెలల తరబడి, ఒక్కొక్కయెడ ఏండ్ల తరబడి, చీకటిలో మాగవలసినది. మామిడికాయకు మనము వాడు 'మాగుట' యను మాటను పాలకు వర్తింపజేయవలసిన అవసరము మన వంటిండ్లకు కలుగలేదు. ఆ అవసరము కలిగిన చోటొకటి చూడవలెనన్న కోరిక నాకు ఆ పలకతో పుట్టినది.

షామ్‌బర్గ్‌కు పాలతో చుట్టరికము లేకపోలేదు. నేడు ఉడ్‌ఫీల్డ్ మాల్‌కును, వెడల్పాటి రహదారులకును, మనవారి కిరాణా దుకాణములకును పేరుపడిన ఈ ఊరు, 1956లో పురపాలక హోదా పొందుటకు పూర్వము జర్మన్ రైతుల పాడిసీమ. 1880ల నాటి వారి బ్రతుకుతీరును స్ప్రింగ్ వ్యాలీలోని వోల్కెనింగ్ వ్యవసాయక్షేత్రమున పశువులతోను పనిముట్లతోను సహా ఇప్పటికిని చూపుచున్నారు. సమీపమునందలి చికాగోలోనే జేమ్స్ క్రాఫ్ట్ 1903లో గుఱ్ఱపుబండిపై చీజు అమ్మకము మొదలిడి, చెడ్డార్‌ను తురిమి, వేడిచేసి, కలియబెట్టి, చెడిపోకుండ నిలువచేయు పద్ధతికి 1916లో పేటెంటు పొందెను. ఆ చీజు ఎంత దూరమైనను పోగలదు. ఏ ముక్క తిన్నను ఒకటే రుచి. అయితే ఆ వేడితో చెడుట యెట్లు ఆగినదో, మాగుటయు అట్లే ఆగినది. మా మనుమరాలి పలకకు ఆ నారింజవన్నె నిచ్చునది మనవారెరిగిన జాఫ్రా గింజయే. పాలకు సహజముగా అంతటి రంగు ఉండదు.

చెడ్డార్ అనునది మొదట ఊరి పేరు; పిమ్మటనే చీజు పేరైనది. ఇంగ్లండు నైరుతిభాగమున, సోమర్సెట్ సీమలో, మెండిప్ కొండల సున్నపురాతిని చీల్చుకొని పోయిన లోయ ముఖద్వారమున ఆ ఊరున్నది. ఈ యేడు మరల షామ్‌బర్గ్‌కు వచ్చుచు, త్రోవలో బ్రిస్టల్‌నందున్న మా అబ్బాయి యింట దిగి, చలికాలము చివర ఒక ఉదయమున అచ్చటికి పోతిని. లోయలోని గుహలలో ప్రసిద్ధమైనది గాఫ్ గుహ. రిచర్డ్ గాఫ్ అను విశ్రాంత నావికుడు 1892 మొదలు 1898 వరకు మట్టిని, రాళ్ళను తొలగించుచు లోపలి భాగముల నొక్కొక్కటిగా వెలికిదీసి జనులకు చూపెను. 1899 నాటికే అందు విద్యుద్దీపములు వెలిగినవి. ఆ గుహలో, ఇనుపకమ్ముల వెనుక, కొయ్యబల్లలపై వరుసలుగా చీజు దిమ్మెలు కూర్చున్నవి.

అవి అచ్చటికి వచ్చులోపల జరిగిన పని చెప్పవలెను. తొలిమెట్టు మనము పెరుగునకు తోడు వేయుటవంటిదే: గోరువెచ్చని పాలలో పులుపుపుట్టించు సూక్ష్మజీవులను విడుతురు. పిమ్మట రెన్నెట్ కలుపుదురు. ఇది పూర్వము లేగదూడ కడుపునుండి తీసినది, నేడు శాకాహారులకై శిలీంధ్రములనుండి తీయునదియు కలదు. పేరుకొన్న గడ్డను సన్నని ముక్కలుగా కోసి, సుమారు 40 డిగ్రీల వరకు వెచ్చజేసి, తేటను వంచివేయుదురు. ఇంతవరకు అనేక చీజులకు త్రోవ ఒక్కటే. ఇక్కడినుండి చెడ్డార్ విడివడును. అడుగున అట్టకట్టిన గడ్డను పలకలుగా కోసి, ఒకదానిపై నొకటి పేర్చి, కొంతసేపటి కొకమారు తిరుగవేసి, మరల పేర్చుదురు. తమ బరువుచే తామే అణగిన పలకలనుండి మిగిలిన తేట కారిపోవును. లోపల పులుపు పెరుగును. పెళుసైన గడ్డ సాగుడుగల పోగుగా మారును. ఈ పేర్చి తిరుగవేయు పనికే ఆ ఊరి పేరు పెట్టి 'చెడ్డారింగ్' అనుచున్నారు. పిదప దానిని చిదిమి, ఉప్పు కలిపి, అచ్చులలో నొక్కి, గుడ్డచుట్టి, ఆ గుడ్డకు పంది కొవ్వు పూయుదురు. 19వ శతాబ్దిలో జోసెఫ్ హార్డింగ్ అను సోమర్సెట్ రైతు ఈ పనులన్నిటికి వేడి యెంత, పులుపెంత, శుభ్రత యెట్లు అను నియమముల నేర్పరచి, అడిగినవారికెల్ల నేర్పినందుననే ఒక ఊరి విద్య ఖండాంతరములకు పోయినది.

ఆ గుడ్డను చూచినపుడు నాకు మా అమ్మ ఆవకాయ జాడీకి కట్టిన వాసెన జ్ఞప్తికి వచ్చినది. రెంటికిని ఉప్పే కాపు, రెంటికిని చీకటి మూలయే నివాసము. అయితే జాడీకి తడిచేయి తగులరాదు, చీజునకు తడిగాలియే ప్రాణము. గాలి పొడియైనచో పైచెక్క పగులును; మిక్కిలి వెచ్చనైనచో కొవ్వు చెమర్చి రుచి చెడును. గాఫ్ గుహలో ఏడాది పొడవునను సుమారు 11 డిగ్రీలే. ఏ లోతైన గుహకైనను ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు సంవత్సరపు సగటునకు దగ్గరగా నుండును. పైన మంచు కురిసినను ఎండ కాచినను రాతి లోపలికి ఆ వార్త చేరదు. నంద్యాల జిల్లాలోని మన బెలూం గుహలును సున్నపురాతివే, 3,229 మీటర్ల పొడవుగలవే. కాని మన సీమ సగటు వేరగుటచే అందు దిగినవారికి చెమట పట్టును. కొండలోపలి చల్లదనము చేతికందినవారు పాలను మాగబెట్టిరి. అందనివారు ఏ నాటి పాలను ఆ నాడే తోడువేసి, మిగిలిన వెన్నను కాచి నేతిగా నిలువచేసిరి. రెండును ఆయా నేలకు తగిన వివేకములే.

గుహ చీజునకు క్రొత్తగా ఇచ్చునది అంతగా ఏమియు లేదు. పగలు, రాత్రి, ఋతువు అను మార్పులను దానినుండి దూరముచేయును. తక్కినది లోపలి సూక్ష్మజీవుల పని, బయటి మనుష్యుల పని. వారు దిమ్మెను తిరుగవేయుదురు, బూజును కనిపెట్టుదురు, పురుగును దులుపుదురు, సన్నని గొట్టపుసూదితో గుండెభాగమునుండి చిన్న ముక్క తీసి రుచి చూచి, రంధ్రమును మరల పూడ్చుదురు. ఈ లోపల పాలలోని చక్కెర, తేటతో పోగా మిగిలినది, పులుపుగా మారిపోవును. అందుచే పాలు గిట్టని నావంటివానికి కూడ మాగిన చెడ్డార్ గిట్టును. ఇందొక వింత యున్నది. 1903లో ఈ గుహలోనే దొరికిన, సుమారు 10,000 ఏండ్ల నాటి 'చెడ్డార్ మనిషి' అస్థిపంజరమును 2018లో వెల్లడియైన జన్యుపరిశోధన పరీక్షింపగా, పెద్దవయసున పాలను అరిగించుకొను లక్షణము అతనికి లేదని తేలినది. ఆ మనిషి పడకచోటనే నేడు అతని కడుపునకు సరిపడునట్టి పాలు మాగుచున్నవి.

ఛాయాచిత్రము తీయబోయినపుడు ఈ గుహ నాకు తన స్వభావమును నేర్పినది. బయటి చలిలో చల్లబడిన కటకముపై లోపలి తేమ తక్షణమే పొగమంచువలె కమ్ముకొన్నది. తుడిచినకొలది మరల పట్టినది. కెమెరాకు గుహ వెచ్చదనము అబ్బువరకు పావుగంట ఊరక నిలుచుంటిని. ఆ తేమయే కదా చీజును బ్రతికించునది, దానిపై విసుగుకొనుట తగునా! ఫ్లాష్ ఒకమారు వెలిగించి చూడగా దిమ్మెలు సున్నముకొట్టిన గోడవలె చదునై పోయినవి. దానిని మాని, ప్రక్కగా పడుచున్న సన్నని దీపకాంతినే నమ్మి, కెమెరాను కమ్మిపై ఆనించి, ఎనిమిది క్షణముల పాటు కన్ను తెరచియుంచితిని. అపుడు గుడ్డపై బూజు కనబడినది: ఒకచోట బూడిదవన్నె నూగు, ఒకచోట పాతగోడ చెమ్మవంటి మరక, గుడ్డ నేత గళ్ళు, అంచున వ్రేలాడు నీటిబొట్టు.

వెలుగు గుహకు మిత్రము కాదు. చూపుగుహలన్నిటను దీపముల చుట్టు రాతిపై పచ్చని పాచి పెరుగును. చీకటిలో పుట్టనేరని ఆ జీవమును తెచ్చినది మన దీపమే. జనుల ఊపిరియు గాలిలో మార్పు తెచ్చును. చూపవలసినది, చూపినచో చెడునది ఒకటే యైనపుడు, ఇనుపకమ్ములును, తక్కువ దీపములును, చేతిని వెనుకకు తీసికొను మర్యాదయును కూడ విద్యలో భాగములే యగుచున్నవి. ఈ సంప్రదాయపు విలువ ప్రాచీనతలో కాదు; మార్పును తొందరపెట్టక, దానికి అడ్డును రాక, కావలియుండు ఆ నేర్పులో ఉన్నదని నాకు తోచినది.

షామ్‌బర్గ్ చేరిన పిదప మనుమరాలికి ఆ చిత్రమును చూపితిని. నల్లని రాయి, బల్లలు, బూజుపట్టిన దిమ్మెలు, అంతే. చాలసేపు చూచి, "తాతయ్యా, మీరొక్కరే వెళ్ళారా?" అని అడిగినది. ఆ ఎనిమిది క్షణములలో నా ముందునుండి పదిమందియైన నడచిపోయిరి; ఒకాయన చేయెత్తి తన బిడ్డకు చీజును చూపెను. కదలినవారెవ్వరును చిత్రమున నిలువలేదు.

"లేదమ్మా, చాలామంది వచ్చారు. ఎవరూ ఆగలేదు," అంటిని.