అంగుళమున్నర పనితనం

కాపర్-టి 380ఎ నిలువు 36 మిల్లీమీటర్లు, అడ్డం 32 మిల్లీమీటర్లు. తెల్లటి ప్లాస్టిక్ కాడ, దాని తలకు అటూ ఇటూ రెండు చేతులు, కాడ చుట్టూ సన్నటి రాగితీగ, చేతుల మీద చెరొక రాగి తొడుగు, కాడ అడుగున చిన్న గుండు, ఆ గుండుకు కట్టిన దారం. అంతే. కదిలే భాగం ఒక్కటీ లేదు, హార్మోను మందు చుక్క కూడా లేదు. ఒకసారి సరిగ్గా అమరిస్తే పదేళ్లు పనిచేస్తుంది. వేయించుకున్న మొదటి ఏడాదిలో గర్భం వచ్చేది వెయ్యిమందిలో 6 నుంచి 8 మందికి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పైసా తీసుకోకుండా వేస్తారు.

ఇంత పనిచేసే వస్తువు మన ఇళ్లలో మాటల్లోకి కూడా రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. తెలంగాణలోనూ ఆ సంఖ్య 60 దాటింది. ఎందరికో ఆ ఆపరేషన్ నాటికి పాతికేళ్లు కూడా నిండవు. తొలి కాన్పుకూ మలి కాన్పుకూ మధ్య ఏదీ వాడకపోవడం, రెండో బిడ్డ పుట్టగానే ట్యూబులు కోయించుకోవడం ఆనవాయితీ అయిపోయింది. ఈ రెంటి నడుమ ఉన్న దారి కాపర్-టి. దాన్ని భాగం భాగంగా చూడాలని ఈ వ్యాసం. ఇందులో ఊరికే పెట్టిన భాగం ఒక్కటీ లేదు. ప్రతిదాని వెనకా అంతకుముందు ఆడవాళ్లు పడ్డ ఏదో ఒక బాధ, దాన్ని తప్పించాలని ఎవరో పట్టుదలగా చేసిన ఆలోచన ఉన్నాయి.

ముందు ఆకారం సంగతి. గర్భసంచిలో ఒక వస్తువును ఉంచితే గర్భం రాదని 1920లలోనే జర్మనీలో ఎర్నెస్ట్ గ్రాఫెన్‌బర్గ్ అనే వైద్యుడు లోహపు తీగ చుట్టలతో చేసి చూపించాడు. 1960ల మొదట్లో అమెరికాలో జాక్ లిప్పీస్ మెలికలు తిరిగిన ప్లాస్టిక్ లూప్ తయారుచేశాడు. 1965లో మన దేశం దాన్ని కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. మన పెద్దవాళ్లు ఇప్పటికీ కాపర్-టిని కూడా లూపనే అంటారు. మొదట్లో లక్షలమంది వేయించుకున్నారు. రక్తస్రావం, కడుపునొప్పి, జారిపోవడం ఎక్కువయ్యాయి. వేసినవాళ్లు మళ్లీ పిలిచి చూసింది తక్కువ, అందుకోవాల్సిన లక్ష్యాల సంఖ్య ఎక్కువ. రెండు మూడేళ్లలోనే జనానికి దాని మీద నమ్మకం పోయింది. ఆ భయం తరం దాటి కూతుళ్లకు, కోడళ్లకు చేరింది.

తప్పు లూప్ ఆకారంలో ఉంది. ఖాళీగా ఉన్న గర్భసంచి లోపల బోలు గది ఉండదు. ముందు గోడ, వెనక గోడ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మిగిలే సందు పైన వెడల్పుగా, కింద ఇరుగ్గా ఉంటుంది. అలాంటి చోట మెలికల వస్తువును పెడితే గోడలు సాగుతాయి, కండరం దాన్ని బయటకు నెట్టాలని చూస్తుంది. చిన్నది పెడితే బాధ తగ్గుతుంది కానీ గర్భం ఆగదు. పెద్దది పెడితే గర్భం ఆగుతుంది, బాధ పెరుగుతుంది. ఏళ్ల తరబడి వైద్యులు ఈ చిక్కులోనే తిరిగారు.

న్యూయార్క్‌లోని పాపులేషన్ కౌన్సిల్‌లో పనిచేసిన హోవర్డ్ టేటమ్ ఈ చిక్కును సగం విప్పాడు. ముడుచుకున్నప్పుడు గర్భసంచి లోపలి సందు ఇంగ్లీషు టి అక్షరంలా ఉంటుందని గమనించి, 1960ల చివర్లో అదే ఆకారంలో ప్లాస్టిక్ సాధనం చేశాడు. నొప్పి తగ్గింది, జారిపోవడం తగ్గింది. కానీ వట్టి ప్లాస్టిక్ టి వేయించుకున్న నూరుగురిలో ఏడాదికి దాదాపు 18 మందికి గర్భం వచ్చింది. గర్భనిరోధక సాధనంగా అది పనికిరానిదే.

మిగతా సగం చిలీ నుంచి వచ్చింది. అక్కడి వైద్యుడు హైమె జిప్పర్ కుందేళ్ల గర్భాశయంలో సన్నటి రాగితీగ పెట్టి చూశాడు. తీగ ఉన్న వైపు గర్భం నిలవలేదు, లేని వైపు నిలిచింది. టేటమ్, జిప్పర్ కలిసి ప్లాస్టిక్ టి మీద రాగి చుట్టారు. 30 చదరపు మిల్లీమీటర్ల రాగితో నూటికి 18 గర్భాలు 5కి దిగాయి. 200 చదరపు మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఒకటి దగ్గర ఆగాయి.

ఈ మొత్తం కథలో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది ఈ మలుపునే. అంతవరకూ వస్తువు పరిమాణమే రెండు పనులూ చేయాల్సి వచ్చింది: లోపల నిలవాలి, గర్భాన్నీ ఆపాలి. ఇక్కడ ఆ రెండు పనులూ విడిపోయాయి. నిలబడే పని ప్లాస్టిక్‌ది, ఆపే పని రాగిది. అందుకే సాధనం చిన్నదైనా ఫలితం పెద్దదైంది.

తర్వాతి మెరుగు కూడా ఆలోచించి చేసిందే. కాడ మీది తీగకు తోడు రెండు చేతుల మీదా రాగి తొడుగులు వేశారు. దాంతో బయటకు కనబడే రాగి ఉపరితలం 380 చదరపు మిల్లీమీటర్లయింది. పేరులోని అంకె అదే. అండవాహికలు తెరుచుకునేది గర్భసంచి పైమూలల్లో కనుక రాగి ఇప్పుడు సరిగ్గా ఆ దరిదాపుల్లోకి చేరింది. తీగకన్నా తొడుగు మందం కావడంతో త్వరగా అరిగిపోదు. తీగ బరువు 176 మిల్లీగ్రాములు, తొడుగు ఒక్కోటీ 68.7 మిల్లీగ్రాములు. అంటే గ్రాములో మూడో వంతు కూడా నిండని రాగి పదేళ్ల కాపలా కాస్తుంది. 1984లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతిచ్చింది. 2002లో మన జాతీయ కార్యక్రమంలోకి పాత కాపర్-టి 200 స్థానంలో వచ్చింది.

రాగి చేసే పని ఇది. గర్భసంచిలోని తేమకు రాగి నెమ్మదిగా కరుగుతూ రోజుకు కొన్ని పదుల మైక్రోగ్రాముల అయాన్లను వదులుతుంది. మనం రోజూ తిండితో తీసుకునే రాగి ముందు ఇది లెక్కలోకి రానంత. కానీ ఆ ఇరుకు చోటులో వీర్యకణాలకు అది విషం. వాటి కదలిక మందగిస్తుంది, అండాన్ని ఛేదించే శక్తి పోతుంది. లోపల కొత్త వస్తువు ఉందని శరీరం కూడా గుర్తించి తెల్లరక్తకణాలను పంపుతుంది, అవీ వీర్యకణాలను మింగేస్తాయి. అంటే అండం, వీర్యకణం కలవకముందే చాలావరకు పని అయిపోతుంది. నెలనెలా అండం విడుదలవుతూనే ఉంటుంది, నెలసరి వస్తూనే ఉంటుంది, పాలిచ్చే తల్లి పాలు తగ్గవు. కాపర్-టి అంటే నెలనెలా కడుపు పోగొట్టడమేనన్న మాట మన ఊళ్లలో వినిపిస్తుంది. అది నిజం కాదు.

దారం చిన్న భాగం. దాని కథ మాత్రం పెద్దది. 1970ల మొదట్లో అమెరికాలో డాల్కన్ షీల్డ్ అనే సాధనం వచ్చింది. దాని దారం వందలాది సన్నటి పోగులను పైతొడుగులో పెట్టి చేసింది. ఆ పోగుల సందుల్లోంచి తేమతో పాటు సూక్ష్మక్రిములు గర్భసంచిలోకి పాకాయి. ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి, మరణాలూ సంభవించాయి. 1974లో అమ్మకం ఆపేశారు. ఈ తరహా సాధనాలన్నిటికీ అప్పుడు పడిన మచ్చ చాలా ఏళ్లు పోలేదు. కాపర్-టి దారం ఒకే పోగు పాలిథిలిన్. క్రిములు ఎక్కడానికి అందులో సందు లేదు. గుండులోని రంధ్రంలోంచి తీసి ముడివేయడంతో రెండు కొసలు కిందికి వేలాడతాయి. వేశాక వాటిని మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంచి కత్తిరిస్తారు. సాధనం ఉన్నచోటే ఉందని తెలిపేది ఈ దారమే, వద్దనుకున్న రోజున పట్టుకుని తీసేది కూడా ఈ దారంతోనే. అది మెత్తబడి గర్భాశయ ముఖద్వారాన్ని ఆనుకుని ఉండిపోతుంది, కాపురానికి అడ్డురాదు.

కాడ అడుగునున్న గుండు వ్యాసం 3 మిల్లీమీటర్లు. కాడ మొన ముఖద్వారాన్ని గుచ్చుకోకుండా అది కాపాడుతుంది. ప్లాస్టిక్‌లో బేరియం సల్ఫేట్ కలుపుతారు, ఎక్స్‌రేలో కనబడడానికి. కాపర్-టి గుండెకు ఎక్కిపోతుందని భయపడే వాళ్లకు ఈ మాట చెప్పాలి. గర్భసంచి నుంచి గుండెకు దారే లేదు. అరుదుగా గోడ దాటి కడుపులోకి వెళ్లినా ఎక్కడుందో ఎక్స్‌రే చూపిస్తుంది.

సాధనంలోని నేర్పు ఎంతో, వేసే చేతిలోని నేర్పు కూడా అంతే. ముందు గర్భసంచి ముందుకు వంగి ఉందా, వెనక్కి వంగి ఉందా అని చేత్తో చూస్తారు. సన్నటి కొలకడ్డీతో లోతు కొలుస్తారు. గొట్టం మీది నీలి రంగు బిళ్లను సరిగ్గా ఆ కొలతకు జరుపుతారు. టి చేతులను కిందికి మడిచి గొట్టంలోకి దూర్చడం, పూర్తిగా తెరవని శుభ్రమైన సంచి లోపలే, పైనుంచి పట్టుకుని చేస్తారు. వేలు దానికి తగలదు. మడిచాక ఐదు నిమిషాలు దాటనివ్వకూడదు, దాటితే ప్లాస్టిక్ ఆ వంకరకే అలవాటు పడి లోపల చేతులు సరిగ్గా విచ్చుకోవు. నీలి బిళ్ల ముఖద్వారానికి తగిలేదాకా గొట్టాన్ని పంపుతారు. అక్కడ అసలు మెళకువ ఉంది: టిని లోపలికి తోయరు. లోపలి కడ్డీని కదలకుండా పట్టుకుని, చుట్టూ ఉన్న గొట్టాన్నే వెనక్కి లాగుతారు. టి ఉన్నచోటే ఉండి చేతులు విప్పుకుంటుంది. గోడకు గుచ్చుకునే ప్రమాదాన్ని తగ్గించడానికి కనిపెట్టిన పద్ధతి ఇది. శిక్షణ పొందిన స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు మన ఆరోగ్య కేంద్రాల్లో ఈ పని చేస్తున్నారు. వాళ్ల చేతులకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

దీనికి లోపాలూ ఉన్నాయి, దాచకూడదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరిలో రక్తం ఎక్కువగా పోవచ్చు, నొప్పి రావచ్చు. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న మన దగ్గర దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఐరన్ మాత్రలు వాడాలి. తట్టుకోలేనంటే తీసేయాలి. కొందరికి జారిపోతుంది, ముఖ్యంగా మొదటి నెలల్లో. గోడకు రంధ్రం పడడం వెయ్యికి ఒకటి రెండు. ఇన్‌ఫెక్షన్ ముప్పు ప్రధానంగా వేసిన తొలి మూడు వారాల్లోనే. వేశాక గర్భం వస్తే అది ట్యూబులో ఉందేమో వెంటనే చూపించుకోవాలి. సుఖవ్యాధుల నుంచి ఇది కాపాడదు, దానికి కండోమ్ ఒక్కటే. గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు, శరీరంలో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి ఉన్నవాళ్లు దీన్ని వాడకూడదు. పిల్లలు పుట్టనివాళ్లు వాడకూడదన్న మాట మాత్రం పాతది.

మిగతా పద్ధతుల పక్కన పెట్టి చూస్తే దీని విలువ ఇంకా తెలుస్తుంది. మాత్రలు అండం విడుదలను ఆపుతాయి, బాగానే ఆపుతాయి, కానీ రోజూ గుర్తుండాలి. మామూలు వాడకంలో ఏడాదికి నూటికి 7 మందికి గర్భం వస్తుంది. కండోమ్‌తో 13 మందికి. అంతర అనే ఇంజెక్షన్ మూడు నెలలకొకటి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన ఛాయా మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. ఇవన్నీ మన చేతుల మీదుగా జరగాలి. మరిచిపోతే ఫలితం పోతుంది. కాపర్-టి రోజూ గుర్తుపెట్టుకోనవసరం లేనిది. పదేళ్ల లెక్కలో దాని వైఫల్యం దాదాపు ట్యూబెక్టమీతో సమానం, నూటికి రెండు. కోత లేదు, మత్తుమందు లేదు, తీసిన మరుసటి నెలకే గర్భం రావచ్చు. రక్షణ లేకుండా కలిసిన ఐదు రోజుల్లోపు వేసినా గర్భాన్ని ఆపుతుంది, అత్యవసర మాత్రలకన్నా నమ్మకంగా. పాతికేళ్ల అమ్మాయికి ఆపరేషన్ బల్ల కన్నా ముందు దీని గురించి చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

కాన్పుకు ఆసుపత్రికి వెళ్లబోతున్నవాళ్లు నెలల ముందే డాక్టరునో ఏఎన్‌ఎంనో అడగండి. బిడ్డ పుట్టాక 48 గంటల్లోపు అక్కడే వేయించుకోవచ్చు. అలా వేసినప్పుడు జారిపోయే అవకాశం కాస్త ఎక్కువ కనుక ఆరు వారాలకు తప్పక చూపించుకోవాలి. 48 గంటలు దాటితే ఆరు వారాలయ్యాకే వేస్తారు. ఇష్టం లేకుండా ఎవరూ వేయకూడదు, వద్దన్నప్పుడు తీయడానికి నిరాకరించకూడదు. వేసిన తేదీ, ఏ రకం, ఎన్నేళ్లకు తీయించాలి అన్నవి కార్డు మీద రాయించుకుని ఆ కార్డు దగ్గర ఉంచుకోండి.